బేసు వంతు వచ్చినప్పుడు

పోయిన నెల నా మనవరాలు నన్ను బెంగుళూరు ఇందిరానగర్‌లో ఒక కొత్త హోటలుకు లాక్కుపోయింది. "తాతా, అక్కడ నీ మ్యూజిక్ వాయిస్తారు, రా" అంది. నా మ్యూజిక్ అంటే జాజ్. సరే, పోయి కూర్చున్నాను. ముగ్గురు కుర్రాళ్ళు. ఒకడు పియానో, ఒకడు డ్రమ్స్, ఒకడు డబుల్ బేసు. బాగానే వాయిస్తున్నారు. డ్రమ్స్ వాడు అవసరానికి మించి బాదుతున్నాడు గానీ, ఆ వయసులో నేనూ బాదినవాణ్ణే. ఇంతలో మిగతా ఇద్దరూ తగ్గి, బేసు వాడు ఒంటరిగా మొదలుపెట్టాడు. సరిగ్గా అప్పుడే పక్క టేబులు పెద్దమనిషి వెయిటర్ని పిలిచి, గోబీ మంచూరియాలో ఉల్లికాడలు వేస్తారా వెయ్యరా అని విచారణ ప్రారంభించాడు.

నాకు ఒళ్ళు మండింది. "ఏమయ్యా, నీ గోబీ ఎక్కడికైనా పారిపోతుందా? ఆ పిల్లవాడు చెప్పుకునేది అయ్యేవరకు నోరు మూసుకుని కూర్చోలేవా?" అని కన్నడంలో అరిచాను. హోటలంతా గప్‌చుప్. బేసు వాడు కూడా హడలిపోయి ఆపేశాడు. మనవరాలు మెనూకార్డు మొహానికి అడ్డం పెట్టుకుంది. ఇంటికొచ్చాక కోడలు "మామయ్యా, బీపీ మాత్ర వేసుకున్నారా?" అని అడిగింది. వేసుకున్నానమ్మా. ఆ కోపం బీపీది కాదు. అసలు నాదే కాదు. ఒక మనిషి పక్కన ఏళ్ళ తరబడి కూర్చుంటే అంటుకున్న కోపం అది.

ఆయన పేరు రాయను. ఆయన పోయి చాలా కాలమైంది గానీ, రాస్తే కాటన్‌పేటలో మిగిలిన బంధుబలగమంతా ఫోన్లు చేసి "మా ఇంటి సంగతులు నీకేంటికప్పా?" అని నా ప్రాణం తోడేస్తారు. పైగా ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్ళను నేను చూడలేదు. హోటలు వాళ్ళు "బేస్ సార్" అనేవాళ్ళు. నేను "అన్నా" అనేవాణ్ణి. ఆయన నన్ను "అప్పా" అనేవాడు, కోపమొస్తే "ఓ డోలప్పా" అనేవాడు.

డెబ్బైలలో, ఎనభైలలో ఎంజీ రోడ్డు పక్కన ఒక పెద్ద హోటలు డైనింగు హాల్లో సాయంకాలాలు మేం ముగ్గురం వాయించేవాళ్ళం. నాది డ్రమ్స్. పగలు పీణ్య ఫ్యాక్టరీలో లేత్ మిషను, సాయంత్రం డ్రమ్స్, రెండూ మోతే. పియానో డెస్మండ్. కాక్స్‌టౌన్ ఆంగ్లో ఇండియన్, పగలంతా స్కూలు పిల్లలకు పియానో నేర్పి, ఆ విసుగంతా సాయంత్రం మా మీద తీర్చుకునేవాడు. ఇంగ్లీషు, తమిళం, కన్నడం, మా పుణ్యాన కొంచెం తెలుగు, నాలుగూ కలిపి ఒకే వాక్యంలో మాట్లాడేవాడు. ఇక బేసు ఆయన.

డబుల్ బేసు చూడనివాళ్ళ కోసం చెబుతాను. ఫిడేలును మనిషికంటే ఎత్తుకు పెంచి నేల మీద నిలబెడితే అదే డబుల్ బేసు. దాన్ని కౌగిలించుకున్నట్టు పట్టుకుని వేళ్ళతో మీటాలి. ఆయనేమో పొట్టి మనిషి. దూరం నుంచి చూస్తే దాని వెనక ఎవరో దాక్కున్నట్టుండేది. నుదుట విభూతి, ఒంటి మీద నల్ల కోటు, మెడకు బో టై, కాళ్ళకు ఏమీ లేదు. వాయించేటప్పుడు బూట్లు విప్పేసేవాడు. కొత్తగా వచ్చిన మేనేజరు అది చూసి గుండె పట్టుకున్నాడు.

"ఇది స్టార్ హోటల్ సార్. ఉత్త కాళ్ళతో నిలబడితే గెస్టులు ఏమనుకుంటారు?"

"నువ్వు గుళ్ళో బూట్లేసుకోని నిలబడతావా?"

"అది గుడి సార్. ఇది వాద్యం."

"తెలీనోళ్ళకి అట్లే కనపడతాదిలే" అన్నాడాయన.

చివరికి ఆయన కాళ్ళకు అడ్డంగా రెండు పూలకుండీలు పెట్టించి మేనేజరు రాజీ పడ్డాడు. ఆయన మాత్రం రోజూ వాటికి నీళ్ళు పోశారా లేదా అని వెయిటర్లను అడిగేవాడు.

ఆ బేసుకు ఆయన భార్య తన ఊదారంగు పట్టుచీర కోసి గలీబు కుట్టింది. జరీ అంచు మెడ దగ్గరకు వచ్చేటట్టు కుట్టింది. అది చూసి వెయిటర్లు "అమ్మోరు వచ్చినారు" అనేవాళ్ళు. ఆయన కూడా దాన్ని "ఆయమ్మ" అనే పిలిచేవాడు. "ఆయమ్మకి ఈ పొద్దు ఒళ్ళు బాగలేదప్పా, వాన పడింది కదా" అనేవాడు. ఎవర్నీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. నేను ఒకసారి సాయం చేద్దామని ఒక పక్క పట్టుకుంటే "నీ లేత్ మిషను చెయ్యి తీయ్!" అని కసిరాడు.

కాటన్‌పేట నుంచి హోటలు దాకా ఆయమ్మ ప్రయాణం జట్కాలో. ఊదా పట్టుచీర కప్పుకుని, పొడుగ్గా పడుకుని, కాళ్ళ దగ్గర ఈయన విచారంగా కూర్చుని. అవెన్యూ రోడ్డులో జనం దారిచ్చి చెప్పులు విప్పి నిలబడేవాళ్ళు. ఒకసారి నేనూ ఆ బండిలో ఉన్నాను. ఒక ముసలాయన దగ్గరకొచ్చి చేతులు జోడించి, "ఎవురు పోయినారప్పా?" అని అడిగాడు.

"ఇంకా పోలేదు సామీ. తీగె మారిస్తే బతుకుతాది" అన్నాడీయన.

ఆ ముసలాయన మొహం నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉంది.

ఆయనది మగ్గం ఇల్లు. తండ్రి పట్టుచీరలు నేసేవాడు. మగ్గం చప్పుడులో పుట్టి పెరిగినవాడికి తాళం ఎవరూ నేర్పక్కర్లేదు. బేసు మాత్రం కంటోన్మెంటు క్లబ్బులో వాయించే ఒక గోవా ముసలాయన దగ్గర నేర్చుకున్నాడు. ఆ ముసలాయన వెనకాలే బొంబాయి పోయి, సినిమా పాటలు రికార్డు చేసే స్టూడియోలో కొన్నాళ్ళు వాయించాడు కూడా. పెద్ద పేరు, పెద్ద బళ్ళు తిరిగే చోటు. ఎందుకు తిరిగొచ్చావన్నా అంటే, "ఆడ రాసిచ్చింది రాసిచ్చినట్ల వాయించల్లంటప్పా. నేనేమన్నా టైపిస్టునా?" అన్నాడు.

ఆయన ఎంత గొప్పగా వాయించేవాడో మాకు తెలుసు, బయటి దేశాలనుంచి వచ్చేవాళ్ళకు తెలుసు. బెంగుళూరులో కచేరీకి ఏ విదేశీ జాజ్ వాళ్ళు వచ్చినా మర్నాడు మా హోటలుకు వచ్చి మాతో కలిసి వాయించేవాళ్ళు. ఒక సాక్సోఫోన్ ఆయనైతే ఈయన్ని వదల్లేదు. నాతో వచ్చెయ్, ఏడాదంతా దేశాలు తిరుగుదాం అన్నాడు. ఈయన శ్రద్ధగా విని, డెస్మండ్ వైపు తిరిగి, "ఆడ పెరుగన్నం దొరుకుతాదా అడుగు" అన్నాడు. డెస్మండ్ అడిగాడు. పెరుగన్నం అంటే ఏమిటని ఆ సాక్సోఫోన్ ఆయన అడిగాడు. అంతటితో ఆ ప్రపంచయాత్ర ముగిసింది.

డెస్మండ్ తల బాదుకున్నాడు. నేనూ తిట్టాను, ఒట్టి దద్దమ్మ మనిషివన్నా అని. కారణం పెరుగన్నం కాదని నాకు తర్వాత తెలిసింది. అది తర్వాత చెబుతాను, ముందు ఆయన యుద్ధం సంగతి చెప్పాలి.

జాజ్‌లో ఒక్కొక్కరికీ ఒక్కో వంతు ఉంటుంది. పాట ముగ్గురూ కలిసి మొదలుపెడతారు, తర్వాత పియానో ఒంటరిగా తన మాట చెబుతుంది, తర్వాత బేసు, తర్వాత డ్రమ్స్. డెస్మండ్ వంతులో జనం తల ఊపేవాళ్ళు. నా వంతులో, మోత భరించలేకో ఏమో, నోళ్ళు తెరిచి చూసేవాళ్ళు. ఆయన వంతు వచ్చేసరికి మాత్రం హాలు మొత్తానికి ఒక్కసారిగా ఆకలి గుర్తొచ్చేది. బేసు గొంతు మెల్లగా, లోతుగా ఉంటుంది, చెవి పెట్టి వినాలి. అప్పటిదాకా మాట్లాడుకోలేకపోయిన వాళ్ళందరూ "అబ్బ, ఇప్పుడు వినపడుతోంది" అని సంతోషంగా కబుర్లలో పడేవాళ్ళు. స్పూన్లు, గ్లాసులు, అత్తగారి ఆపరేషను, ఆఫీసులో ప్రమోషను. హోటలు వాళ్ళు కూడా వెయిటర్లకు అదే శిక్షణ ఇచ్చారు. బేసు మొదలైతే ఆర్డర్లు తీసుకోవాలి.

ఆయన చెయ్యని ప్రయత్నం లేదు. గట్టిగా వాయించాడు, జనం ఇంకా గట్టిగా మాట్లాడారు. నెమ్మదిగా వాయించాడు, బిల్లు తెమ్మన్నారు. గుడ్లురిమి చూశాడు. ఒక బ్యాంకు ఆఫీసరు భార్య మేనేజరుకు ఫిర్యాదు చేసింది, ఆ పొట్టాయన నాకేసి చూస్తున్నాడని. చివరికి ఒకరోజు విసిగిపోయి మధ్యలో చేతులు కట్టుకుని నిలబడిపోయాడు. డెస్మండూ నేనూ కదల్లేదు. హాలంతా కబుర్లు. ఎంతోసేపటికి ఎవరో ఇటు తిరిగి, సంగీతం రావడం లేదని గమనించి, అయిపోయింది కాబోలని చప్పట్లు కొట్టారు. వాళ్ళను చూసి అందరూ కొట్టారు. ఆయనకు అంత పెద్ద చప్పట్లు అంతకుముందు ఎప్పుడూ రాలేదు.

"చూస్తివా డోలప్పా?" అన్నాడు నాతో. "వాయించకుంటే చప్పట్లు."

జనాన్ని మార్చలేక ఆయన మమ్మల్ని మార్చాడు. మామూలుగా బేసు వంతులో పియానో, డ్రమ్స్ కింద మెల్లగా తోడు నడుస్తాయి. ఆయన వద్దన్నాడు. "జనం ఎట్లా వినరు. మీరిద్దురన్నా చేతులు ముడుచుకోని వినండప్పా" అన్నాడు. దానికొక గుర్తు పెట్టాడు. చూపుడువేలు పైకెత్తి గాల్లో ఆడిస్తాడు. వేలు లేవగానే మేమిద్దరం ఎక్కడున్నవాళ్ళం అక్కడ ఆపి చేతులు తీసెయ్యాలి. ఆలస్యమైతే తిట్లు. ఆ తిట్లు రాసేవి కావు. అలా ఏళ్ళ తరబడి ఎంత అలవాటు చేశాడంటే, ఒకసారి ఎవరో గెస్టు వెయిటర్ని పిలవడానికి వేలు పైకెత్తి ఊపితే నేనూ డెస్మండూ టక్కున ఆపేశాం. ఆయన కూడా క్షణం ఆలోచించకుండా తన వంతు మొదలుపెట్టేశాడు. ఆ గెస్టు సోడా అడిగాడు.

ఇప్పుడు కారణం చెబుతాను.

ఆయనకు ఒక అన్న. పేటలో పట్టుచీరల అంగడి. తండ్రి పోయాక తమ్ముడు అంగట్లో కూర్చుంటాడనుకుంటే, తమ్ముడు తాగేచోటికి పోయి పెద్ద ఫిడేలు వాయించడం మొదలుపెట్టాడు. అన్న ఆ రోజు మాట మానేశాడు. మాట మానేశాడంటే ఊరు వదిలి పోలేదు, ఇల్లూ పంచుకోలేదు. ఒకే ఇల్లు, కింద అన్న, మేడ మీద తమ్ముడు, ఒకే కొళాయి, ఒకే పండగలు. మాట మాత్రం లేదు. ఏదైనా చెప్పాలంటే మధ్యన అన్న కూతురు లలిత. మాటలొచ్చిన నాటినుంచీ ఆ పిల్లకు అదే ఉద్యోగం.

నేను ఆ ఇంటికి వెళ్ళినప్పుడు కళ్ళారా చూశాను. కింద హాల్లో అన్న ఒక పక్క, తమ్ముడు ఒక పక్క. మధ్యన రెండు జడల పిల్ల.

"ఆ తాగుబోతుల బాజావానికి చెప్పు. నీళ్ళ మోటరు ఆన్ చేసి నిద్రపోతే కాలేది నా మోటరు" అన్నాడు అన్న.

తమ్ముడు నాలుగు అడుగుల దూరంలోనే ఉన్నాడు. చెవుడు లేదు. అయినా పిల్ల వైపే చూస్తున్నాడు.

"చిన్నాయనా, మోటరు ఆపేది మర్చిపోవద్దన్నాడు నాయన. రేతిరి సరిగ్గా నిద్రపోయినావా అని అడగమన్నాడు" అంది లలిత.

"మీ నాయనకి చెప్పు, మోటరు కాలితే నేనేమీ కొత్తది కొనిచ్చేది లేదు."

"నాయనా, చిన్నాయన చూసుకుంటాడంట. నీ మోకాలి నొప్పికి నూనె తెచ్చిస్తానన్నాడు."

అన్న ముక్కుతో "ఊఁ" అన్నాడు. నేను నవ్వాపుకోలేక వీధిలోకి పోయాను. ఆ పిల్ల అబద్ధాల మీద ఆ ఇల్లు నిలబడి ఉంది. ఇద్దరికీ ఆ సంగతి తెలుసని నా అనుమానం.

ఆ రోజు ఆయన నన్ను వీధి చివరిదాకా సాగనంపుతుంటే నేనే అడిగాను, సాక్సోఫోన్ ఆయనతో ఎందుకు పోలేదని. ఆయన అన్నాడు: "అన్న నాతో మాట్లాడకముందే నేను యాడికన్నా పోతే, ఇంక మాట్లాడేదెప్పుడప్పా? ఒక్కసారి వచ్చి నేను వాయించేది వినల్ల. బాగలేదంటే బాగలేదనల్ల. నా మొగానే చెప్పల్ల. అంతే." ఆయన్ని తిట్టిన తిట్లన్నీ అక్కడికక్కడే వెనక్కి తీసుకున్నాను.

ఎనభైలు వచ్చాయి. హోటళ్ళలో డిస్కో లైట్లు వచ్చాయి, ఒక్క మనిషి ఒక్క కీబోర్డుతో మా ముగ్గురి పనీ చేసే రోజులొచ్చాయి. డెస్మండ్ ఆస్ట్రేలియా కాగితాలు పట్టుకుని తిరుగుతున్నాడు, తర్వాత వెళ్ళిపోయాడు కూడా. ఆ మధ్యలోనే లలితకు దేవనహళ్ళి సంబంధం కుదిరింది. పెళ్ళికొడుకు మంచివాడు. అందరూ సంతోషించారు. మా బేసు ఆయన ఒక్కడూ వాయిస్తూ అకస్మాత్తుగా ఆగి, "డోలప్పా, ఆ పిల్ల పోతే మోటరు సంగతి ఎవురు చెప్తారు?" అన్నాడు. దేవనహళ్ళి పెద్ద దూరమేం కాదు. కానీ రోజుకు నాలుగుసార్లు మాటలు మోసుకు రావడానికి దూరమే.

బెంగుళూరు పెళ్ళిళ్ళలో ముందురోజు సాయంత్రమే రిసెప్షను పెట్టేస్తారు. దానికి చిన్నాయన ట్రియో, అంటే మేం ముగ్గురం, వాయించాల్సిందేనని లలిత పట్టుబట్టింది. అన్న చాలా రోజులు గింజుకుని, చివరికి ఒప్పుకున్నాడు. షరతు పిల్ల ద్వారానే వచ్చింది. రిసెప్షనులో ఒక మూల వాయించుకోవచ్చు, ముహూర్తానికి మాత్రం ఆ పెద్ద ఫిడేలు తన కంటికి కనపడకూడదు. లలిత దాన్ని ఎలా చెప్పిందో తెలుసా? "చిన్నాయనా, పొద్దున్నే లేచేది కష్టం కదా, ముహూర్తానికి రెస్టు తీసుకోమన్నాడు నాయన."

చామరాజపేట ఛత్రంలో, అంటే కల్యాణమంటపంలో, పెళ్ళి. పియానో మోయలేం గనక డెస్మండ్ అకార్డియన్ మెడకు తగిలించుకొచ్చాడు. రిసెప్షను బాగా జరిగింది. ఆయన వంతు రాగానే వంటవాళ్ళు "ఊటకు రండీ" అని భోజనాలకు కేక వేశారు. హాలు ఖాళీ. కుర్చీల్లో ఒక్క తాత మిగిలాడు, ఆయన నిద్రపోతున్నాడు. అన్న ఎక్కడున్నాడని చూశాను. వడ్డన దగ్గర ఉన్నాడు, ఇటు వీపు పెట్టి.

పొద్దున మేం సామాను సర్దుతున్నాం. ముహూర్తం దగ్గర పడింది. మేళగాళ్ళు రాలేదు. వాళ్ళ వ్యాను హొసకోట దగ్గర ఆగిపోయిందని కబురు వచ్చింది. నాదస్వరం లేదు, డోలు లేదు. అన్నగారి భార్య పరుగున మా దగ్గరికి వచ్చింది.

"ఏమప్పా, మేళం లేకుండా తాళి కట్టేదెట్ల? ఆ టైములో ఎవురన్నా తుమ్మితే? ఎవురన్నా కానిమాట అంటే? నీ కాళ్ళు పట్టుకుంటా, మీరే ఏదో ఒకటి మోగించండి."

"అన్న వద్దన్నాడు కదా వదినా. అన్న చెప్పకుండా నేను ఎక్కను" అన్నాడీయన. మొండి మనిషి. అన్నగారు కాస్త దూరంలో స్తంభం దగ్గర పచార్లు చేస్తూ ఉన్నాడు. అంతా వింటున్నాడు.

గౌరీపూజ గదిలోంచి బాసికం కట్టుకున్న లలిత తల బయట పెట్టింది. "చిన్నాయనా! నాయన చెప్పమన్నాడు. మీరే వాయించల్లంట!"

"నేనెప్పుడు..." అని అన్నగారు నోరు తెరిచాడు. అప్పుడే పురోహితుడు "టైమవుతా ఉండాది, టైమవుతా ఉండాది" అని అరిచాడు. అన్నగారు నోరు మూసుకున్నాడు.

మంటపం పక్కన చోటు చూసుకుని సర్దుకున్నాం. వదినమ్మ ముగ్గురికీ బొట్టు పెట్టింది, డెస్మండ్‌కు కొంచెం పెద్దదే పెట్టింది. గట్టిమేళం అంటే ఏమిటో ఆయన డెస్మండ్‌కు చెప్పాడు. తాళి కట్టేటప్పుడు ఏ అశుభం మాటా ఎవరి చెవినా పడకుండా మోత మోగించాలి, అంతే. "శబ్దం కావాలి, అంతేనా మ్యాన్? నో ప్రాబ్లం" అన్నాడు డెస్మండ్. అందరిలో ఎక్కువ ధైర్యంగా ఉన్నది నేను. నా వృత్తే మోత కదా.

మెల్లగా మొదలుపెట్టాం. పెళ్ళికొడుకు తాళి చేతిలోకి తీసుకుని లేచాడు. జనమంతా అక్షింతలు పట్టుకుని నిలబడ్డారు. పురోహితుడు మా వైపు తిరిగి, చెయ్యి పైకెత్తి, చూపుడువేలు గాల్లో ఆడించాడు.

వేలు కనపడింది. నా చేతులు వాటంతట అవే డ్రమ్స్ మీదనుంచి లేచిపోయాయి. డెస్మండ్ అకార్డియన్ మూసేశాడు. ఆయన కళ్ళు మూసుకుని తన వంతు మొదలుపెట్టాడు.

ముగ్గురికీ అనుమానం కూడా రాలేదు. ఇన్నేళ్ళ అలవాటు. పురోహితుడు "గట్టిమేళం!" అంటూ ఇంకా గట్టిగా వేలు ఊపాడు. మాకు దాని అర్థం ఒకటే, బేసు వంతు ఇంకా కాలేదు. పురోహితుడు ఎంత ఊపితే మేం అంత కదలకుండా కూర్చున్నాం. పాపం, చెయ్యి భుజం నుంచి ఊడిపోతుందేమో అన్నంతగా ఊపాడు. నేను ఇంకొంచెం వినయంగా చేతులు కట్టుకున్నాను.

ముహూర్తం దాటిపోతోంది. పురోహితుడు చేసేది లేక కట్టమని తల ఊపాడు. అంత పెద్ద ఛత్రంలో గాలి కదిలిన చప్పుడు లేదు. తుమ్ముతారేమో, దగ్గుతారేమో, ఏదైనా కూస్తారేమో అని భయపడి జనమంతా ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. నస్యం పీల్చే మామగారొకాయన ముక్కును వదినమ్మ వేళ్ళతో గట్టిగా పట్టేసుకుంది. తల్లులు పిల్లల నోళ్ళు మూశారు. వంటశాలలో గరిటెలు కూడా ఆగాయి. ఆ నిశ్శబ్దంలో బేసు ఒక్కటే మోగుతోంది. లోతుగా, తొందర లేకుండా. కింద రాతినేల లోంచి అరికాళ్ళకు తగులుతోంది. ఒక ముడి, రెండో ముడి. లలిత తల వంచుకుని ఉంది, భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది.

ఆయన కళ్ళు తెరిచాడు. తిండి గోల లేదు, కబుర్లు లేవు, ఛత్రం మొత్తం తన వైపే చెవులు పెట్టి ఉంది. అన్నేళ్ళలో ఎప్పుడూ జరగనిది ఎదురుగా కనపడేసరికి ఆయన వేలు ఒక్కసారి తడబడింది. నేను చూశాను. మళ్ళీ పట్టుకున్నాడు. మూడో ముడి పడింది. నాకు ఏడుపొచ్చింది, చెప్పడానికి సిగ్గేమీ లేదు. అక్షింతలు పడ్డాక గానీ మేం చేసిన ఘనకార్యం మాకు అర్థం కాలేదు.

ఇక గలాట మొదలైంది. పురోహితుడు "మేళమంటే ఏందో తెలుసునా మీకు?" అని మా మీదకు వచ్చాడు. దేవనహళ్ళి వాళ్ళలో ఒకాయన అన్నగారి దగ్గరకు పోయి, "ఏమప్పా, తాళి కట్టేటప్పుడు అందురూ సుమ్నే నోరు మూసుకోని నిలబడేది, ఇదేం పద్ధతి?" అని గట్టిగానే అడిగాడు. అపశకునమనీ ఏదో అనబోతున్నాడు. నేను నేలకేసి చూశాను. మా బేసు ఆయన మొహంలో నెత్తురు లేదు. వాయించింది అన్న విన్నాడు సరే, కూతురి పెళ్ళిలో తల వంచుకునేటట్టు విన్నాడు. ఇంక జన్మలో మాట ఉండదనుకున్నాం.

"మా ఇంటి పద్ధతి" అన్నాడు అన్నగారు ఆ దేవనహళ్ళి ఆయనతో. "మా ఇంట్లో ఇట్లే." అని వడ్డన దగ్గరికి పోయాడు. ఆ పూటంతా మా వైపు రాలేదు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక పిల్లను పంపించారు. తల్లిని పట్టుకుని ఏడ్చింది, తండ్రి కాళ్ళకు మొక్కింది, చిన్నాయన కాళ్ళకు మొక్కింది. కారెక్కేముందు ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఎవరి తరఫునా ఎవరికీ ఏమీ చెప్పలేదు. కారు మలుపు తిరిగిపోయింది. ఛత్రం గేటు దగ్గర అన్నదమ్ములు ఇద్దరూ నిలబడ్డారు, మధ్యన లలిత నిలబడేంత చోటు వదిలి. వెనకాల గోడకు ఆనించిన బేసు దగ్గర నేనూ డెస్మండూ.

అన్నగారు గొంతు సవరించుకుని, అలవాటుగా పక్కకు కిందికి చూశాడు. అక్కడ ఎవరూ లేరు. తల ఎత్తి నాకేసి చూశాడు. ఓరి దేవుడా, ఆ ఉద్యోగం నాకు పడేటట్టుందని నేను మొహం తిప్పుకున్నాను. ఒక ఎడ్లబండి పోయింది.

"ఏమప్పా" అన్నాడు అన్నగారు, తమ్ముడికేసే. "తాళి కట్టేటప్పుడు వాయిస్తివే. దానికి తోడు ఎవురూ వాయించరా? నువ్వొక్కనివే వాయించల్లా?"

మా బేసు ఆయన నా వైపు తిరిగి, "అన్నకి చెప్పప్పా..." అని మొదలుపెట్టాడు.

నాకు ఎక్కడలేని కోపమొచ్చింది. "నోరుండాది కదా! నువ్వే చెప్పన్నా!" అని వీధంతా వినపడేటట్టు అరిచాను. డెస్మండ్ అదిరిపడ్డాడు.

"ఒక్కన్నేన్నా" అన్నాడు ఆయన. "ఎవురన్నా వింటే చాలు."

"వింటి కదా" అన్నాడు అన్నగారు. కండువాతో మొహం తుడుచుకున్నాడు. "నడుమ ఒకచోట వేలు తప్పితివే, ఏమాయె?"

"అది... అది అందురూ వింటా ఉంటే భయమాయెన్నా."

అన్నగారు చెయ్యెత్తి ఆటోను ఆపాడు. ముందు తను ఎక్కి, పక్కకు జరిగి చోటిచ్చాడు. ఈయన ఎక్కాడు. ఆటో పోయింది. లోపల ఇద్దరూ ఒకేసారి మాట్లాడుతున్నారు.

గోడకు ఆనుకుని ఆయమ్మ ఊదా పట్టుచీరలో అలాగే నిలబడి ఉంది. ఎవర్నీ ముట్టుకోనివ్వని మనిషి దాన్ని వీధిలో మర్చిపోయి వెళ్ళిపోయాడు. కాటన్‌పేట దాకా నేనూ డెస్మండూ మోసుకుపోయాం.